కార్బరేటర్ కరాబ్ కాలే, కచరా పట్టింది

మా దిక్కు కార్బరేటర్‌ను చానామంది ‘కార్పొరేటర్’ అంటరు. ‘అన్నా, కార్పొరేటర్ పనిచేస్తలేదు’ అని ఎవలన్న అంటే పట్నం రాజకీయం మాట్లాడుతున్నరా, పంపు సంగతి మాట్లాడుతున్నరా అని జర ఆగి సమజ్ చేసుకోవాలె. నవ్వులాటకు చెప్తలేను. నిజంగనే ఈ చిన్న సామాను మీద మనకు తెలివి లేక మస్తు పైసలు పోగొట్టుకుంటున్నం.

నా సంగతే చెప్త. పత్తికి మందు కొట్టే టైంల మా ఇంటి తైవాన్ పంపు మొరాయించింది. పది నిమిషాలు నడుస్తది, ఆగిపోతది. కొద్దిసేపు ఆగి తాడు గుంజితే మల్ల నడుస్తది, మల్ల ఆగుతది. దగ్గర్లున్న ఒక రిపేరు దుకాన్ల ఇచ్చిన. రెండు రోజులు పెట్టుకున్నరు, కార్బరేటర్ పోయిందన్నరు, కొత్తది ఏసిండ్రు. సామానుకు, కూలికి కలిపి 900 రూపాయలు కట్టి తెచ్చిన. సేనుకాడ మల్ల అదే కత, పది నిమిషాలకు ఆగింది. ఆఖరుకు దొరికిందేంది? టాంకీ మూతకు గాలి లోపటికి పోయే సన్న బొక్క ఉంటది. దాంట్ల మట్టి పట్టి మూసుకపోయింది. పిన్నీసుతోని తీసిన, నడిసింది. ఆ మూడు రోజులల్ల పచ్చదోమ పత్తాకును ముడిసి పెట్టింది. 900 కంటే ఆ ఆకు ముడుతనే నాకు ఎక్కువ కొట్టింది.

ఆ దినం సంది నేను ఈ సామాను ముంగట కూసున్న. ఎవలూ కూసోబెట్టి నేర్పలే. ఇప్పి చూసిన, పాడు చేసిన, మల్ల బిగిచ్చిన. అట్ల తెలుసుకున్నది మీకు వరుసగ చెప్తున్న. ఫోన్ల దాచిపెట్టుకోండ్రి, సేనుకాడ అక్కరకొస్తది.

ఇది ఇప్పుడు మన దిక్కే మిగిలింది

2020 ఏప్రిల్ 1 సంది బీఎస్6 రూల్ వచ్చింది. అప్పటిసంది చానా కొత్త బండ్లల్ల కార్బరేటర్ ఎల్లిపోయి ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చింది. ఎక్సెల్ బండికి సుత అదే వచ్చింది. ఇగ కార్బరేటర్ యాడ మిగిలింది? మందు కొట్టే పంపుల, గడ్డి కోసే మిషన్ల, వాగుల నీళ్లు తోడే పెట్రోల్ ఇంజన్ల, చిన్న జనరేటర్ల, సెకండ్ హ్యాండ్ల కొనుక్కున్న పాత బండ్లల్ల. అంటే రైతు, కూలి, చిన్న దుకానపాయన చేతుల మిగిలింది. షోరూములు దీన్ని మర్సిపోతున్నయి. కాబట్టి మనం మర్సిపోవద్దు.

లోపట ఏం జరుగుతది

ఇంజన్ నడవాలంటే నాలుగు కావాలె: గాలి, పెట్రోల్, నిప్పు, పిస్టన్ ఒత్తిడి. గాలిని, పెట్రోల్‌ను సరైన పాళ్లల్ల కలిపి ఇచ్చుడే కార్బరేటర్ పని. ఒక గొట్టం ఉంటది, నడుమ సన్నగ ఉంటది. సన్నటి కాడ గాలి జోరుగ పోతది. గాలి జోరు పెరిగితే అక్కడ ఒత్తిడి తగ్గుతది. ఆ తగ్గుడుకు కింద గిన్నెల ఉన్న పెట్రోల్ సన్న బొక్క నుంచి పైకి ఎక్కి తుంపరలెక్క గాలిల కలుస్తది. ఆ సన్న బొక్క ఉన్న ఇత్తడి మేకునే జెట్టు అంటరు. పెద్ద జెట్టు రేస్ ఇచ్చినప్పుడు పనిచేస్తది. చిన్న జెట్టు, అంటే పైలట్ జెట్టు, స్లోల నడిచేటప్పుడు పనిచేస్తది.

గిన్నెల పెట్రోల్ ఎంతుండాల్నో చూసేది ఫ్లోట్. మన ఇంటి మీది నీళ్ల టాంకీల తేలే బుడ్డ ఉంటది చూడు, గదే లెక్క. నిండంగనే పైకి లేసి సూదితోని దారి మూస్తది. చోక్ ఏస్తే గాలి తగ్గి పెట్రోల్ పాలు పెరుగుతది. ఇంజన్ సల్లగున్నప్పుడే దాని అక్కర.

కార్బరేటర్ల తిరిగే పెద్ద సామాను ఏదీ లేదు. అందుకే అది అంత తొందరగ అరిగిపోదు. చానాసార్లు కచరా పట్టి మూసుకపోతది, లేకుంటే రబ్బరు సామాను చెడిపోతది. ఈ ముక్క గుర్తుంటే ‘మొత్తం మార్చాలె’ అన్నోన్ని ఆపి ‘ఏది మూసుకపోయింది’ అని అడుగుతరు.

ముందు జాగ్రత్త

పెట్రోల్ ఆవిరి గాలికంటే బరువు. కింద నేల మీద పరుసుకుంటది, కంటికి కనవడదు. అందుకే ఈ పని ఇంట్ల, వంట కాడ చెయ్యొద్దు. బయట గాలి ఆడే జాగల, ఇంజన్ సల్లారినంక చెయ్యాలె. బీడీ, సిగరెట్ వద్దు. పైపు నోట్ల పెట్టి పెట్రోల్ గుంజొద్దు, ఊపిరితిత్తులల్లకు పోతే ప్రాణం మీదికొస్తది. మందు కొట్టిన పంపైతే ముందు పంపును, మీ చేతులను సబ్బుతోని కడగండ్రి. చిన్న సామాను పోకుండ ఒక తెల్లబట్ట పరిసి దాని మీద ఇప్పండ్రి. ఇప్పే ముందు, ఇప్పేటప్పుడు ఫోటో తీసుకోండ్రి. మల్ల బిగిచ్చేటప్పుడు ఆ ఫోటోనే మీ గురువు.

పెట్రోల్ గడబిడనా, కరెంట్ గడబిడనా

ముందు స్విచ్ ఆన్‌ల ఉన్నదా చూడండ్రి. నవ్వకండ్రి, నేను గంటసేపు తాడు గుంజినంక చూసుకున్న రోజు ఉన్నది. పెట్రోల్ కాక్ తెరిసి ఉన్నదా? టాంకీల పెట్రోల్ ఉన్నదా? కొన్ని ఫోర్ స్ట్రోక్ ఇంజన్లల్ల కింద ఆయిల్ తక్కువైతే స్పార్క్ రాకుండ ఆపే ఏర్పాటు ఉంటది. ఆయిల్ సుత చూడండ్రి.

గవన్ని మంచిగుంటే నాలుగైదుసార్లు తాడు గుంజి ప్లగ్గు ఇప్పండ్రి. ప్లగ్గు చెప్తది కత.

ప్లగ్గు పొడిగ ఉంటే పెట్రోల్ అందుతలేదు. తడిగ ఉంటే పెట్రోల్ ఎక్కువైంది, లేకుంటే నిప్పు వస్తలేదు. నల్లటి మసి ఉంటే పెట్రోల్ ఎక్కువ, గాలి తక్కువ. తెల్లగ కాలినట్టు ఉంటే పెట్రోల్ తక్కువ, గాలి ఎక్కువ. ఇటుక రంగు, గోధుమ రంగు ఉంటే మంచిగ నడుస్తున్నట్టు.

నిప్పు చూడాలంటే ప్లగ్గును తుడిసి, టోపీకి పెట్టి, దాని మర ఉన్న ఇనుప భాగాన్ని ఇంజన్ ఇనుముకు ఆనిచ్చి తాడు గుంజాలె. ప్లగ్గు బొక్కకు దూరంగ పట్టాలె, టాంకీ మూత బిగిచ్చి ఉండాలె, ఒలికిన పెట్రోల్ తుడిసి ఉండాలె. నీలం రంగు నిప్పు టకటక వస్తే కరెంట్ మంచిగనే ఉన్నది. రాకపోతే కార్బరేటర్‌ను ముట్టుకోకండ్రి, తప్పు దానిది కాదు.

నిప్పు ఉన్నది, ప్లగ్గు పొడిగ ఉన్నది అంటే ఇంకో పరీక్ష. ప్లగ్గు బొక్కల సగం చెంచ పెట్రోల్ పోసి, ప్లగ్గు బిగిచ్చి గుంజండ్రి. టూ స్ట్రోక్ అయితే ఆయిల్ కలిపిన పెట్రోలే పొయ్యాలె. రెండు మూడు సెకండ్లు నడిసి ఆగితే ఇంజన్ మంచిగున్నట్టు, పెట్రోల్ దారే మూసుకపోయినట్టు. ఇగ ఆ దారి పట్టుకొని పై నుంచి కిందికి రావాలె.

టాంకీ నుంచి కార్బరేటర్ దాక

మొదటిది మూత. నడిసి నడిసి ఆగేదానికి మూత జర వదులు చేసి చూడండ్రి. అట్ల నడిస్తే గాలి బొక్క మూసుకపోయినట్టే. నా 900 రూపాయల పాఠం ఇదే.

రెండోది పెట్రోల్. సీసాల పోసి ఎలుతురుకు పెట్టి చూడండ్రి. కింద ఏరే పొర కనవడ్డా, మసక ఉన్నా నీళ్లు కలిసినయి. వార్నిష్ లెక్క పుల్లటి వాసన వస్తే పాతదైంది. దాన్ని పారేసుడే తప్ప బాగుచేసుడు ఉండదు. బాయిల, మోరిల పొయ్యకండ్రి.

మూడోది పైపు. టాంకీ పైన, కార్బరేటర్ కింద ఉన్న ఇంజన్లల్ల పైపును కార్బరేటర్ కాడ గుంజి సీసాల పెట్టి కాక్ తెరవండ్రి. ధార ఆగకుండ రావాలె. సుక్క సుక్క వస్తే కాక్ జాలి, ఫిల్టర్, పైపు చూడాలె. పైపు వంక తిరిగి మడత పడ్డా గిదే గడబిడ.

నాలుగోది గిన్నె. పైపుల ధార మంచిగొస్తే గిన్నె కింద డ్రైన్ బోల్టు వదులు చెయ్యండ్రి. పెట్రోల్ రాకపోతే సూది ఇరికింది. స్క్రూడ్రైవర్ పిడితోని గిన్నె మీద మెల్లగ రెండు దెబ్బలు కొడితే ఒక్కోసారి ఊడుతది. నీళ్లు, బురద వస్తే అన్నీ పోయేదాక కారనియ్యండ్రి. చానా ఇంజన్లు ఈడికే నడుస్తయి, ఇప్పే అక్కరే రాదు.

జెట్టు కడుగుడు

అప్పటికీ నడవకపోతే గిన్నె ఇప్పాలె. చిన్న పెట్రోల్ ఇంజన్లకు మామూలుగ కింద ఒకటే బోల్టు ఉంటది. రబ్బరు రింగు తెగకుండ తియ్యాలె. ఫ్లోట్ పిన్ను గుంజితే ఫ్లోట్, సూది ఎల్లొస్తయి. నడుమ ఇత్తడి పెద్ద జెట్టు ఉంటది. సరిపోయే స్క్రూడ్రైవర్‌తోనే ఇప్పండ్రి, ఇత్తడి మెత్తగుంటది, గాడి చెడిపోతే ఇంక రాదు.

జెట్టును ఆకాశం దిక్కు పెట్టి చూడండ్రి. బొక్కల నుంచి గుండ్రటి ఎలుతురు రావాలె. రాకుంటే కార్బరేటర్ క్లీనర్ స్ప్రే కొట్టి, గాలి పంపుతోని ఊదండ్రి. క్లీనర్ కొట్టేటప్పుడు కండ్లకు అద్దాలు పెట్టుకోండ్రి, ఒక బొక్కల కొడితే ఇంకో బొక్క నుంచి ముకం మీదికొస్తది. మొండిగ ఉంటే వైరుల నుంచి ఒక్క సన్న రాగి తీగ తీసి పెట్టండ్రి. సూది, ఉక్కు తీగ పెట్టొద్దు. బొక్క ఎంట్రుకంత పెరిగినా పెట్రోల్ లెక్క తప్పుతది, ఇంజన్ ఎప్పటికీ నల్లపొగ కక్కుతది.

జెట్టు ఒక్కటి కడిగి బిగిచ్చుడు సగం పనే. జెట్టు పైన బొక్కబొక్కల గొట్టం ఉంటది, అది కడగాలె. చిన్న జెట్టు దారి కడగాలె. ఫ్లోట్‌ను చెవి కాడ ఊపి చూడాలె. లోపట పెట్రోల్ చప్పుడు వస్తే అది పగిలింది, మార్చాలె. సూది మొన మీద గీత పడ్డా మార్చాలె.

నడక చూసి రోగం పట్టుకోండ్రి

*చోక్ ఏస్తేనే నడుస్తది, తీస్తే ఆగుతది:* పెట్రోల్ తక్కువ పోతున్నది. జెట్టు మూసుకపోయింది, లేకుంటే కార్బరేటర్‌కు ఇంజన్‌కు నడుమ రబ్బరు పగిలి, గ్యాస్కెట్ పోయి దొంగ గాలి గుంజుతున్నది.

*స్లోల ఆగుతది, రేస్ ఇస్తే నడుస్తది:* చిన్న జెట్టు.

*స్లోల నడుస్తది, రేస్ ఇస్తే కూలవడ్తది:* పెద్ద జెట్టు, ఫిల్టర్, లేకుంటే ధార సాలుతలేదు.

*ఒకటే తీరుగ నడవకుండ పెరుగుడు తగ్గుడు చేస్తది:* పెట్రోల్ తక్కువ, గాలి ఎక్కువ. జెట్టు కడగాలె, దొంగ గాలి చూడాలె.

*నల్లపొగ, పెట్రోల్ వాసన:* చోక్ తియ్యలే, గాలి ఫిల్టర్ నిండింది, లేకుంటే ఫ్లోట్ సూది మూస్తలేదు. స్పంజు ఫిల్టర్ అయితే సబ్బునీళ్లతోని కడిగి, పూర్తిగ ఎండినంక రెండు సుక్కల ఆయిల్ పిండి పెట్టాలె. ఫిల్టర్ తీసేసి నడుపుడు మాత్రం వద్దు, దుమ్ము పోయి పిస్టన్ గీసుకపోతది.

*పెట్రోల్ బయటికి కారుతది:* సూది కింద కచరా, లేకుంటే ఫ్లోట్ పగిలింది. ఫోర్ స్ట్రోక్ అయితే ఎంటనే ఆయిల్ కర్ర తీసి చూడండ్రి. ఆయిల్ పెరిగి పెట్రోల్ వాసన వస్తే నడపొద్దు. పెట్రోల్ కలిసిన ఆయిల్‌కు జిడ్డు ఉండదు, బేరింగ్ పోతది. కార్బరేటర్ బాగుచేసి, ఆయిల్ మార్చి అప్పుడు నడపాలె.

టూ స్ట్రోక్ పంపు, గడ్డి మిషన్

వీటి కత జర ఏరే. ఈపున ఏసుకొని, పక్కకు వంచి నడుపుతం కాబట్టి చానా వాటిల గిన్నె, ఫ్లోట్ ఉండవు. వాటి జాగల పల్సటి రబ్బరు పొర ఉంటది, డయాఫ్రం అంటరు. అది ఊగుకుంట పెట్రోల్ గుంజి ఇస్తది. ముందల మనం ఒత్తే బుగ్గ ఉంటది.

బుగ్గ ఒత్తితే పెట్రోల్ నిండుతలేదంటే బుగ్గ పగిలింది, పైపు పగిలింది, లేకుంటే టాంకీల పైపు కొసకున్న ఫిల్టర్ మూసుకపోయింది. అవి మంచిగుండి ఇంజన్ నడవకపోతే డయాఫ్రం చూడాలె. మెత్తగ ఉండాల్సిన పొర కాగితం లెక్క గట్టిపడి, ముడతలు పడితే మార్చాలె. పొరలు, గ్యాస్కెట్‌లు కలిపి కిట్ లెక్క దొరుకుతయి. మొత్తం కార్బరేటర్ కొనే అక్కర ఉండదు.

కొన్నిటికి హెచ్, ఎల్ అని రెండు స్క్రూలు ఉంటయి. ఎల్ స్లోకు, హెచ్ జోరుకు. తిప్పే ముందు, మెల్లగ మూసుకుంట ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కవెట్టి రాసిపెట్టండ్రి. గట్టిగ బిగియ్యొద్దు, మొన చెడిపోతది. హెచ్ ఎక్కువ మూస్తే ఇంజన్ మంచి జోరుగ వినవడ్తది. అది మోసం. టూ స్ట్రోక్‌ల పెట్రోల్‌తోనే ఆయిల్ పోతది. పెట్రోల్ తగ్గితే ఆయిల్ సుత తగ్గినట్టే. పిస్టన్ వేడెక్కి పట్టేస్తది, దాని ఖర్సు ముందు కార్బరేటర్ ఖర్సు ఏపాటిది.

ఆయిల్ లెక్క సుత మూతతోని, అందాజతోని పొయ్యకండ్రి. 25:1 అని ఉంటే లీటరుకు 40 మిల్లీలీటర్లు, 40:1 అంటే 25, 50:1 అంటే 20. మీ మిషన్ మీద ఏది రాసి ఉంటే అదే. దుకాన్ల దొరికే సూది లేని సిరంజితోని కొలవండ్రి.

ఇథనాల్ సంగతి

ఇప్పుడు బంకుల దొరికే పెట్రోల్‌ల 20 శాతం దాక ఇథనాల్ ఉంటది. 2022ల 10 శాతం అయింది. 20 శాతం లక్ష్యం ముందు 2030కి అన్నరు, తర్వాత 2025-26కు జరిపిండ్రు. చెరుకుకు, మక్కకు గిరాకీ వస్తదని, బయటి దేశాల నూనె తగ్గుతదని సర్కారు మాట. ఆ మాటల నిజం లేదని నేను అంటలేను. మక్క పండిచ్చే రైతులు మనలనే ఉన్నరు. కానీ అదే రైతు ఈపున ఉన్న పాత పంపు గురించి ఎవలు ఆలోచించిండ్రు?

ఇథనాల్ గాలిల తేమను గుంజుకుంటది. కొద్ది నీళ్లైతే కలుపుకుంటది. మోతాదు దాటితే నీళ్లు, ఇథనాల్ రెండు కలిసి టాంకీ అడుగుకు దిగుతయి. ఇంజన్‌కు ముందు పోయేది ఆ అడుగుదే. టూ స్ట్రోక్ అయితే ఆయిల్ పైన పెట్రోల్ పొరల ఉండిపోతది, అడుగుదాంట్ల ఉండదు. ఇంకోటి, దీన్ని తట్టుకునేటట్టు చెయ్యని పాత రబ్బరు పైపులు, పొరలు ఉబ్బుతయి, గట్టిపడ్తయి, పగులుతయి. 2023 ఏప్రిల్ సంది కొత్త బండ్లను ఈ20ని తట్టుకునే సామానుతోని చేస్తున్నరు. మరి అంతకు ముందు కొన్న పంపులు, ఇంజన్లు?

ఒక జాగ్రత్త. పెట్రోల్‌ల నీళ్లు పోసి ఊపి, అడుగు పొర పెరిగిందని బంకోని మీద లొల్లి చేసేటోళ్లు ఉన్నరు. ఆ పెరిగింది ఇథనాల్ నీళ్లల్లకు దిగుడు వల్ల. అదొక్కటే కల్తీకి రుజువు కాదు. మీరు నీళ్లు పొయ్యకముందే అడుగున పొర ఉంటే మాత్రం అడగండ్రి. బంకుల ఫిల్టర్ పేపర్ పరీక్ష, కొలత పరీక్ష అడిగే హక్కు మనకున్నది.

సీజన్ అయిపోయినంక

కార్బరేటర్‌ను చంపేది పని కాదు, ఖాళీగ కూసునుడు. నెల కంటే ఎక్కువ పక్కకు పెట్టేదుంటే టాంకీ మొత్తం వంపెయ్యండ్రి. కాక్ మూసి ఇంజన్‌ను ఆగిపోయేదాక నడపండ్రి. డ్రైన్ బోల్టు తీసి గిన్నెల మిగిలింది వంపండ్రి. బుగ్గ ఉన్న పంపైతే టాంకీ వంపినంక బుగ్గ ఒత్తి, స్లోల ఆగేదాక నడపండ్రి. పెట్రోల్ మూత గట్టిగుండే డబ్బల పెట్టి, కొన్న తారీకు మార్కర్‌తోని రాయండ్రి. రెండు మూడు వారాల అక్కరకు మించి కొనకండ్రి. పది నిమిషాల ఈ పని చేస్తే వచ్చే వానాకాలం రిపేరు దుకాన్ మొకం చూసే పనుండదు.

ఆఖరు మాట

మెకానిక్‌లందరు దొంగలని నేను అంటలేను. వాళ్లు సుత మన పిల్లలే, సీజన్ల వందల మిషన్లు ముంగట పడితే ఇప్పి కడిగే తీరిక ఉండదు, కొత్తది ఏసి పంపుతరు. అసలు గడబిడ ఎక్కడంటే, మిషన్ అమ్మేటోళ్లు దాంతోని తెలుగుల పుస్తకం ఇయ్యరు. ఇచ్చినా బొమ్మ ఉండదు. చిన్న పొర, చిన్న సూది విడిగ అమ్మరు, మొత్తం కొనుమంటరు. 2022 డిసెంబర్‌ల కేంద్రం ‘రైట్ టు రిపేర్’ పోర్టల్ పెట్టింది. అందుల వ్యవసాయ పనిముట్లు సుత ఉన్నయి. మంచిదే. కానీ సేనుకాడ నిలవడ్డ ఆడబిడ్డకు పోర్టల్‌తోని పంపు నడవదు. సబ్సిడీ మీద ఇచ్చే ప్రతి మిషన్‌తోని తెలుగు పుస్తకం, విడి సామాన్ల ధరల పట్టి, మండలానికి ఒక్క దినం రిపేరు శిక్షణ ఇయ్యాలె. రైతు వేదికలు ఊకెనే ఉన్నయి కదా, ఆడ పెట్టొచ్చు.

అప్పటిదాక ఊరికి ఒక్కలు నేర్సుకున్నా సాలు. ఒక స్క్రూడ్రైవర్, 10 నంబర్ పానా, ప్లగ్గు పానా, రాగి తీగ, ఒక క్లీనర్ డబ్బ. నలుగురు పైసలేసుకొని కొంటే ఊరందరికీ సరిపోతయి. ఎవలన్న ‘కార్పొరేటర్ పోయింది, మార్చాలె’ అంటే ‘ముందు మూత చూసినవా అన్నా’ అని అడగండ్రి.